ఏడో మాటకి కదిలిన కాలు

మా లీలారాణి వదిన కాళ్ళ గురించి మా వైపు చాలామంది చాలా రకాలుగా చెప్పుకుంటారు. వాళ్ళని నమ్మకండి. వాళ్ళవి చిన్న చిన్న అబద్ధాలు, పట్టుకోవడం కష్టం. నేను కోసే కోతలు పెద్దవి, ఎంత దూరం నుంచైనా కనిపిస్తాయి, కాబట్టి నాతో ఎవరికీ నష్టం లేదు. పైగా ఆవిడ నాకు సొంత వదిన. ఇంటర్ రెండో ఏట నా తెలివితేటలు భరించలేక కాలేజీ నన్ను వదులుకున్నప్పటి నుంచీ ఆవిడ వంటింట్లోనే నా భోజనం. అన్నం పెట్టిన మనిషి గురించి అబద్ధం చెబుతానా? కొంచెం పెంచి చెబుతానేమో, అంతే.

నరసన్నపేటలో ఆటో ఎక్కితే, మనిషి మీద మనిషి కూర్చున్నాక, డ్రైవరు సగం బయటికి వేలాడుతూ మా ఊరికి తీసుకొస్తాడు. ఊళ్ళోకి రాగానే బాప్టిస్టు చర్చి, దాని వెనక వీధిలో మా ఇల్లు, ఇంటి ముందు గదిలో వదిన కుట్టు మిషను. చుట్టుపక్కల పల్లెల్లో పెళ్ళి జాకెట్టు అంటే మా వదినే కుట్టాలి. కొలతలు తీసుకోదు. ఒకసారి బస్సు కిటికీ పక్కన కూర్చుని మా ఊరి మీదుగా పోతున్న ఒకావిడని చూసి, బస్సు తిరిగొచ్చేలోపల జాకెట్టు కుట్టి కిటికీలోంచి అందించింది. ఒక్క కుట్టు కూడా సవరించనక్కర్లేకుండా సరిపోయింది. ఇది మాత్రం నిజం.

వారమంతా వదిన కుట్టు మిషను తొక్కేది. ఆదివారం చర్చిలో లెగ్ హార్మోనియం తొక్కేది. దాన్ని చూడని వాళ్ళ కోసం చెబుతున్నాను: బీరువాకి చెల్లెల్లాంటి చెక్క పెట్టె. కింద రెండు పలకలు. కాళ్ళతో తొక్కితే గాలి పుడుతుంది, చేతులతో మెట్లు నొక్కితే ఆ గాలే పాటవుతుంది. వదిన వాళ్ళ నాన్న దాన్ని మిషన్ దొరసాని దగ్గర నేర్చుకున్నాడట. ఆయన దగ్గర వదిన నేర్చుకుంది. వేదిక మీద, పాస్టరు అయ్యగారు ప్రసంగించే బల్లకి పక్కనే ఆ పెట్టె, ఆ పెట్టె ముందు ఒక చెక్క కుర్చీ. మా ఊళ్ళో సర్పంచులు మారారు, గోడల మీద గుర్తులు మారాయి, ఆఖరికి రాష్ట్రమే రెండు ముక్కలైంది. ఆ కుర్చీలో మనిషి మాత్రం మారలేదు. పుట్టిల్లూ మా ఊరే కాబట్టి లంగా ఓణీ రోజుల నుంచీ మా వదినే.

అలాంటి సమయంలో మా ఊరికి అభివృద్ధి వచ్చింది. ఒక వైపు నుంచి వస్తే తట్టుకునేవాళ్ళం, రెండు వైపుల నుంచీ వచ్చింది. చర్చి సంఘం వాళ్ళు లెగ్ హార్మోనియం మీద గోనెపట్టా కప్పి మూలకి తోసి, కరెంటు కీబోర్డు కొన్నారు. అదే ఏడాది మా అన్నయ్య ప్రకాష్‌కి భార్య మీద ప్రేమ పొంగింది. పెళ్ళిరోజు వస్తే కొందరు చీర కొంటారు, కొందరు మల్లెపూలు తెస్తారు. మా అన్నయ్య బోరు మోటార్ల మెకానిక్కు. వదిన కుట్టు మిషనుకి మోటారు బిగించాడు.

"ఒసే లీలా, ఇంక నువ్వు కాళ్ళు కదపక్కర్నేదు. రాణీలాగ కూసో," అన్నాడు.

వదిన కూర్చుంది. కాళ్ళు కూర్చోలేదు.

సాయంకాలమయ్యేసరికి మొదలయ్యేది. కుర్చీలో కూర్చుంటే ఒక కాలు పైకీ కిందకీ, అది అలిసిపోతే రెండోది. అన్నం తింటూ లేచి నిలబడేది. పడుకుంటే గోడకి తన్నేది, లేచి వాకిట్లో తిరిగేది, మళ్ళీ పడుకునేది, మళ్ళీ తిరిగేది. మా వీధి కుక్కలు మొదట్లో మొరిగాయి, తర్వాత ఆవిడతోపాటు తిరిగాయి, ఆఖరికి నీరసించి ఆవిడనే కాపలా ఉండమని పడుకున్నాయి.

"ఏటైనాది వదినా?" అనడిగాను.

"ఎలగ సెప్పను మరిదీ? కాళ్ళలోన సీమలు పాకతన్నట్టుంటాది. పైన కాదు, లోన, ఎముకలోన. కదిపితే ఊరుకుంటాయి. ఆపితే మళ్ళీ మొదలు. సిన్నప్పట్నించీ ఉన్నాది గానీ, మిషను తొక్కీదాన్ని కదా, తెలీలేదు. మాయమ్మకీ ఇలాగే. రోటి దగ్గర కూకున్నా కాలాడిస్తూనే ఉండేది."

ఇంట్లో ఏం చేసినా ఎవరికి కావాలి? గొడవంతా చర్చిలో వచ్చింది. లెగ్ హార్మోనియం ఉన్నన్నాళ్ళూ కాళ్ళు ఆడడమే ఉద్యోగం, ఎవరూ తప్పు పట్టలేదు. కీబోర్డుకి కాళ్ళతో పని లేదు. పైగా సన్నటి ఇనప స్టాండు, కింద అంతా ఖాళీ. వేదిక మీద అయ్యగారు కన్నీళ్ళతో ప్రసంగిస్తుంటారు, పక్కన వదిన చీర కుచ్చిళ్ళు గాలివాన వచ్చినట్టు ఊగుతుంటాయి. ప్రజలు ఎవరిని చూస్తారు? వేదిక చెక్కలు వదులయ్యాయి. గోడ మీది బల్లులు వేరే మతం తీసుకుని వెళ్ళిపోయాయి.

రోగం పేరు తెలియక ముందే మా ఊళ్ళో మందులు తెలుస్తాయి. పక్కింటి దాలమ్మ పెద్దమ్మ, "గాలి సోకినాది," అంది. ఎదురింటివాళ్ళు, "మోటారు షాకు కొట్టినాది," అన్నారు. సంఘ కార్యదర్శి శాంతికుమార్‌గారు మాత్రం రోగమే కాదని తేల్చేశారు. ఆయన తాలూకాఫీసులో గుమాస్తాగా రిటైరైన మనిషి. ఆయన అనుమతి లేకుండా మా ఊళ్ళో రోగాలు కూడా రావు.

"దేవుని సన్నిధిలో కాలూపడం అహంకారం లీలమ్మా," అన్నారు, ఆదివారం ఆరాధన అయ్యాక, పది మందిలో.

"అన్నయ్యా, నేనూపటం నేదు. అవే ఊగతన్నాయి."

"నీ కాళ్ళు నువ్వూపక మరెవరు ఊపతారు? నాకు లేవా కాళ్ళు? ఎప్పుడైనా ఊగినాయేటి?"

ప్రసంగం మొదలైన వెంటనే ఆయన నిద్రపోతారు కాబట్టి ఆయన కాళ్ళు ఊగే అవకాశమే లేదు. ఆ మాట అనబోతే వదిన నా చెయ్యి గిల్లింది.

"మా షాలిని విశాఖపట్నంలో కీబోర్డు నేర్సుకుంది," అన్నారాయన అసలు సంగతిలోకి వస్తూ. "అది కూసుంటే కదలదు, మెదలదు. కమిటీలో అనుకున్నాం. గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధన ఉన్నాది కదా. ఆ మూడు గంటలూ నువ్వు ఆ కుర్చీలో కాలు కదపకుండా కూసుంటే కుర్చీ నీది. నేదంటే షాలినికి ఇచ్చీడమే."

షాలిని చెడ్డపిల్ల కాదు. పాట మధ్యలో కూడా ఫోను చూసుకోగల సమర్థురాలు. ఆ పిల్లకి కుర్చీ అక్కర్లేదు, వాళ్ళ నాన్నకే కావాలి. వదిన ఇంటికొచ్చి మూడు జాకెట్ల చేతులు తప్పుగా కుట్టింది. ఆవిడ చేతులు తప్పు కుట్టడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. వాళ్ళ నాన్న కూర్చోబెట్టిన కుర్చీ అది.

సరే, డాక్టర్లు. ఊళ్ళో ఆరెంపీ క్యాల్షియం ఇచ్చాడు. నరసన్నపేట డాక్టరు నడుముకి బెల్టు ఇచ్చాడు. కాళ్ళు ఊగుతుంటే నడుముని కట్టేయడంలో మర్మం ఏమిటో ఆయనకే తెలియాలి. ఆఖరికి శ్రీకాకుళంలో నరాల డాక్టరు ఒకాయన వదిన చెప్పింది చివరిదాకా విన్నాడు. అంతకు ముందు ఎవరూ చేయని వైద్యం అది. విని, "ఇది రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అమ్మా, నిజమైన జబ్బే, మీరు కల్పించుకుంటున్నది కాదు," అన్నాడు. వదిన అక్కడే ఏడ్చేసింది. జబ్బుందని చెబితే సంతోషంతో ఏడ్చిన మనిషిని ఆయనా మొదటిసారి చూసినట్టున్నాడు, నీళ్ళు తెప్పించాడు.

రక్త పరీక్షలో ఇనుము తక్కువని తేలింది. ఇనుము మాత్రలిచ్చాడు, కొంచెం నెమ్మదించింది. ఇంకో మాత్ర ఇచ్చాడు, అది వేసుకుంటే కాళ్ళు ఊరుకున్నాయి గానీ కడుపు ఊరుకోలేదు. తలతిప్పుడు, వాంతులు. ఆ మత్తులో ఒకావిడ జాకెట్టుని ఇంకొకావిడ లంగాకి కలిపి కుట్టేసింది. ఆ ఇద్దరూ కొన్నాళ్ళు కలిసే తిరిగారు.

ఆ మాత్ర మానిపించి ఆయన ఇంకో మాట చెప్పాడు. "విశాఖపట్నంలో ఒక యంత్రం ఉంది. తల మీద అయస్కాంతం పెట్టి మెదడుని తడతారు. అసలు అది దిగులు జబ్బుకి వాడేది. ఈ కాళ్ళ జబ్బుకి ఇప్పుడిప్పుడే ప్రయత్నిస్తున్నారు. కొందరికి బాగా తగ్గింది, కొందరికి ఏమీ కాలేదు. నేను గ్యారంటీ ఇవ్వను."

మా అన్నయ్య ఇంత పొడుగు మాటలో ఒకే ఒక్క ముక్క విన్నాడు. అయస్కాంతం.

"ఓస్! అయస్కాంతానికి విశాఖపట్నం దాకా ఎందుకే? నాకు సెప్తే పోయీది కదా!"

చర్చిలో పగిలిపోయిన లౌడ్‌స్పీకరు పెట్టెలు రెండు మా పెరట్లో పడున్నాయి. వాటిలోంచి చక్రాల్లాంటి అయస్కాంతాలు రెండు పీకాడు. జాకెట్లకి వేసే సాగే రబ్బరు పట్టీతో వదిన పిక్కలకి ఒకటీ ఒకటీ కట్టాడు. "దేవుడి వాక్యం వినిపించిన అయస్కాంతాలే ఇవి, పవరు మామూలుగా ఉండదు," అన్నాడు.

పవరు మామూలుగా లేదు. కుట్టుపని చేసే మనిషి గది నేల మీద ఏముంటాయి? సూదులు, గుండుసూదులు, హుక్కులు, విరిగిన సూదులు. వదిన అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు వేసేసరికి అన్నీ లేచొచ్చి పిక్కలకి అతుక్కున్నాయి. మర్నాటికి ఆవిడ కాళ్ళు ముళ్ళపందుల్లా ఉన్నాయి. ఏళ్ళ కిందట పోయిన కత్తెర కూడా మంచం కిందనుంచి పాక్కుంటూ వచ్చింది. దాలమ్మ పెద్దమ్మ గుమ్మంలోంచి చూసి, "సూసినావా, లోపలి సీమలన్నీ బయటికొచ్చీసినాయి!" అని సంబరపడింది.

వదిన ఆ సూదులు ఒక్కొక్కటీ పీక్కుంటూ మా అన్నయ్యతో నెమ్మదిగా అంది: "ఇదిగో, నీ మోటార్లొద్దు, నీ అయస్కాంతాలొద్దు. గుడ్ ఫ్రైడే వచ్చీస్తున్నాది. నన్ను విశాఖపట్నం పంపు."

అది బోర్ల కాలం, అన్నయ్యకి తీరిక లేదు. చదువుకున్నవాణ్ణని తోడుగా నన్ను పంపారు. గోపాలపట్నంలో వదిన చెల్లెలు గ్లోరీ ఇంట్లో దిగాం. రోజూ పొద్దున్నే ఆసుపత్రి.

అక్కడి డాక్టరు వేంకటాచలంగారు. నెమ్మదైన మనిషి. యంత్రం చూపించారు. దంతవైద్యుడి కుర్చీలాంటి కుర్చీ, పక్కన ఒక పెట్టె, దాని నుంచి లావు కేబులు, చివర ఎనిమిది అంకెలా రెండు చక్రాల పలక. కరెంటు విషయంలో నాకున్న అనుభవంతో ఆయనకి రెండు సలహాలు ఇద్దామనుకున్నాను గానీ, మొదట ఆయనే ప్రశ్నలు మొదలుపెట్టారు.

"ఫిట్స్ ఏమైనా వచ్చాయా అమ్మా? గుండెకి యంత్రం ఏదైనా పెట్టారా? తల్లో లోహం ముక్కలు లాంటివి?"

"నా తల్లో ఏటీ నేవు డాక్టరుగారూ," అంది వదిన. "మా మరిది తల్లోనైతే అసలేటీ నేదు."

డాక్టరుగారు నవ్వారు. అప్పటి నుంచి నా సలహాలు నా దగ్గరే ఉండిపోయాయి.

"ఒంటి మీదున్న లోహం అంతా తీసేయండి."

దర్జీ మనిషి ఒంటి మీది లోహం తీయడమంటే చిన్న పని కాదు. చెవిదిద్దులు, గొలుసు, గొలుసుకి వేలాడే పిన్నీసులు, గాజులకి తగిలించిన పిన్నీసులు, కొప్పులో పిన్నులు, పైట దగ్గరివి, కుచ్చిళ్ళ దగ్గరివి. ట్రే నిండింది. నర్సు ఇంకో ట్రే తెచ్చింది. గాజువాకలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఉందని అందరికీ తెలుసు. రెండోది ఆ పూట ఆ గదిలో తయారైంది.

కుర్చీలో కూర్చోబెట్టి, చెవుల్లో దూది పెట్టి, పలకని నడినెత్తి మీద ఆనించారు. కాళ్ళని ఆడించే భాగం మెదడులో అక్కడే ఉంటుందట. టక్కుమంది. ఏమీ లేదు. కొంచెం జరిపారు. టక్. ఏమీ లేదు. ఇంకొంచెం జరిపారు. టక్! వదిన కుడికాలి బొటనవేలు ఎగిరింది.

వదిన ఆ వేలి వైపు తదేకంగా చూసింది.

"డాక్టరుగారూ, ఇప్పుడు కదిపింది నేనా, మీరా?"

"మీరు కాదమ్మా. యంత్రం."

"ఇన్నాళ్ళూ కదిపింది కూడా నేను కాదు," అంది వదిన. "అదే సెప్తే మా శాంతికుమారన్నయ్య నమ్మడు."

డాక్టరుగారికి శాంతికుమార్ ఎవరో తెలియదు. అయినా తల ఊపారు. మంచి డాక్టర్లు అలాగే ఉంటారు.

"ఇక కదలకుండా కూర్చోవాలమ్మా," అన్నారు.

నేను పక్కనుంచి ఊరుకోలేకపోయాను. "కదలకుండా కూర్చోలేకపోవడమే కదండీ ఈవిడ జబ్బు! కూర్చోగలిగితే ఇంత దూరం ఎందుకొస్తుంది?"

"తల కదలకపోతే చాలు. కాళ్ళు కదిలినా ఫరవాలేదు."

వదిన మొహంలో ఎంత వెలుగో! మా శాంతికుమార్‌గారి చట్టానికి ఇది సరిగ్గా తిరగేసిన చట్టం. అక్కడ తల ఎంత ఊగి నిద్రపోయినా తప్పులేదు, కాలు ఊగకూడదు.

రోజూ ఇదే వైద్యం. నెత్తి మీద వడ్రంగి పిట్ట పొడిచినట్టు టకటకటక, కాసేపు ఆగడం, మళ్ళీ టకటకటక. నొప్పి లేదు, కొంచెం తలనొప్పి అంది మొదట్లో. కాళ్ళు మొదటి రోజుల్లో కుర్చీ కింద ఎప్పటిలాగే డాన్సాడాయి. గ్లోరీ ఇంట్లో రోజూ సాయంత్రం అందరం ఆవిడ కాళ్ళ ముందు కూర్చుని చూసేవాళ్ళం, ఎన్నికల ఫలితాలు చూసినట్టు. ఏమీ తేడా లేదు. వదిన నోటితో అనలేదు గానీ, గుడ్ ఫ్రైడే దగ్గరపడే కొద్దీ ఆవిడ అన్నం తగ్గిపోయింది. "ఇదీ అయిపోనాది మరిదీ. ఆ పిల్లకి ఇచ్చీమని సెప్పీ," అంది ఒక రోజు బస్సులో. నేను కూడా ఆ రోజు ఏ కోతా కోయలేదు. నాకు తట్టలేదు.

రెండో వారంలో ఒక సాయంత్రం గ్లోరీ సీరియల్ పెట్టుకుంది. అత్తగారు కోడలి కాఫీలో ఏదో కలుపుతోంది, కోడలు తాగబోతోంది. ప్రకటనలొచ్చాయి. మళ్ళీ సీరియల్, మళ్ళీ ప్రకటనలు. అది అయిపోయి ఇంకో సీరియల్ మొదలైంది. అప్పుడు గ్లోరీ ఒక్కసారి అరిచింది: "అక్కా! నువ్వు లేవలేదే!"

వదిన కిందికి చూసుకుంది. రెండు పాదాలూ నేల మీద, చెప్పులు విడిచినట్టు, పక్కపక్కన ఉన్నాయి. ఊరికే ఉన్నాయి.

"ఉండే, మాటాడకు," అంది వదిన గుసగుసగా, నిద్రపోతున్న పసివాళ్ళు లేస్తారన్నట్టు. "సూడనీ."

ఆఖరి రోజున డాక్టరుగారు ఉన్నదున్నట్టు చెప్పారు. "ఇది ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేను. కొన్ని వారాలు ఉండొచ్చు, నెలలు ఉండొచ్చు. మళ్ళీ రావలసి రావచ్చు. ఇనుము మాత్రలు మానకండి."

"గుడ్ ఫ్రైడే దాకా ఉంటాదా డాక్టరుగారూ?" అని మాత్రమే అడిగింది వదిన.

తిరిగొచ్చిన ఆదివారం చర్చిలో వదిన కూర్చుంటే కాళ్ళు బొమ్మ కాళ్ళలా ఉన్నాయి. జనం నోళ్ళు తెరిచారు. అయితే ఆ రోజు ఇంకో వింత జరిగింది. మా పాస్టరు సీమోను అయ్యగారు ఎప్పుడూ ఒక మోస్తరుగా ప్రసంగించి ముగించేవారు. ఆ రోజు ముగించలేదు. చెబుతూనే ఉన్నారు. ఇళ్ళల్లో పొయ్యి మీది పప్పులు మాడిపోయాయి. ఆ ఆదివారం మా వీధంతా ఒకటే వాసన.

బయటికొచ్చాక, శాంతికుమార్‌గారు కూడా వింటుండగా, అయ్యగారు వదిన దగ్గరకొచ్చారు. ఆయన వెన్నలాంటి మనిషి, చీమకి కూడా వందనాలు చెబుతారు.

"అమ్మా లీలా, నాకు ఎంత ఆనందంగా ఉన్నాదో సెప్పలేను," అన్నారు. "ఆ పాత పెట్టె ఉన్నప్పట్నించీ, ఇన్నాళ్ళూ ప్రసంగంలో నీ కాలు ఊగడం సూసి, జనానికి విసుగొచ్చినాది కాబోలు అనీసి ముగించీసీవోణ్ణి. నా గడియారం నువ్వే అనుకో. ఇయ్యాల ఎంతసేపు సెప్పినా నీ కాలు కదల్నేదు. నీకు వాక్యం మీద ఆకలి పుట్టినాదమ్మా! గుడ్ ఫ్రైడే నాడు కడుపు నిండా పెడతాను."

వదిన నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. ఎన్నేళ్ళుగా మా ఊరు వేళకి అన్నం తింటోందంటే అది ఎవరి పుణ్యమో ఆ రోజు తెలిసింది.

గుడ్ ఫ్రైడే వచ్చింది. మా దగ్గర ఆ రోజు పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన. యేసు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు. ఆరు మాటలు సంఘ పెద్దలు పంచుకుంటారు, ఏడోది అయ్యగారిది. అందరూ ఉపవాసం. ఏప్రిల్ ఎండ. రేకుల కప్పు. ఫ్యాన్లు తిరుగుతాయి, గాలి మాత్రం వాటి దగ్గరే ఉంటుంది.

జనం ఎప్పుడూ లేనంత మంది వచ్చారు. భక్తి పెరిగిందని అయ్యగారు అనుకున్నారు. అందరూ వచ్చింది కాళ్ళు చూడడానికి. దాలమ్మ పెద్దమ్మ అందరికంటే ముందొచ్చి, వదిన పాదాలకి సూటిగా కింద చాప వేసుకుంది. షాలిని రెండో వరసలో సిద్ధంగా ఉంది, ఒళ్ళో ఫోనుతో. శాంతికుమార్‌గారు గోడ గడియారం కింద కూర్చున్నారు.

మొదటి మాట, రెండో మాట, మూడో మాట. మాటకీ మాటకీ మధ్య ఒక పాట. వదిన వాయించింది, ఆపింది, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కాళ్ళు కదల్లేదు.

"కదిలినాదేటి?" వెనక వరస నుంచి ఎవరో.

"నేదు," అంది దాలమ్మ పెద్దమ్మ చాప మీద నుంచి.

నాలుగో మాట మధ్యలో నేను వదిన మొహం చూశాను. రంగు మారింది. రెండు చేతులూ కుర్చీ అంచుని పట్టుకున్నాయి, వేళ్ళు తెల్లబడ్డాయి. నాకు అర్థమైంది. లోపల ఎక్కడో ఒక చీమ నిద్ర లేచింది. కుడికాలి మడమ నేలని వదిలిందా, వదల్లేదా? దాలమ్మ పెద్దమ్మ ముందుకి వంగింది. శాంతికుమార్‌గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. వదిన కళ్ళు మూసుకుంది. నేను ప్రార్థన చేసే రకం కాదు. అయినా ఆ పూట నాకు తెలిసిన దేవుణ్ణి ఒక ముక్క అడిగాను. ఆయనకి నేను తెలియదు కాబట్టి వదిన పేరు చెప్పి అడిగాను.

వేళ్ళు నెమ్మదిగా ఎర్రబడ్డాయి. మడమ నేల మీదే ఉంది.

ఐదో మాట దాహం గురించి. అది శాంతికుమార్‌గారి వంతు. దాహం గురించి ఆయన ఎంతసేపు మాట్లాడారంటే, గోడవారన కుండలో నీళ్ళు కూడా సిగ్గుపడి ఇంకిపోయాయి. ఆరో మాట అయింది. ఏడో మాటకి అయ్యగారు లేచేసరికే గడియారం మూడుకి దగ్గరపడింది. మొదలుపెట్టాక మూడు కొట్టింది.

మూడు గంటలూ అయిపోయాయి. వదిన కాలు కదల్లేదు. కుర్చీ వదినదే. అంతా చూశారు.

కానీ అయ్యగారు ఆగలేదు. "సివరిగా ఒక మాట," అన్నారు. పక్కకి వదిన పాదాల వైపు చూశారు. నిశ్చలం. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ చివరి మాటకి ఇంకో చివరి మాట కలిపారు. మళ్ళీ చూశారు. నిశ్చలం. మళ్ళీ మొదటి మాట దగ్గరికి వెళ్ళారు, జనం ఏదైనా మర్చిపోయి ఉంటారేమోనని.

అప్పుడు మొదలైంది. ముందు పిల్లల కాళ్ళు ఊగాయి. తర్వాత ఆడవాళ్ళవి. తర్వాత మొగాళ్ళవి. చర్చి మొత్తం కాళ్ళు ఊపుతోంది, ఒక్క మా వదిన తప్ప. దాలమ్మ పెద్దమ్మ కూర్చున్న చాప ఆవిడ కాళ్ళ ఊపుకి గుమ్మం దాకా జరిగింది. ఇక గోడ గడియారం కింద శాంతికుమార్‌గారి రెండు మోకాళ్ళూ మగ్గంలా ఆడుతున్నాయి. ఆయనకి షుగరు. ఉపవాసం. మొహం నిండా చెమటలు.

ఆయన లేచారు. పాటల కాయితం ఇచ్చే నెపంతో వంగి వేదిక ఎక్కి వదిన పక్కకి చేరారు. నేను పక్క మెట్టు మీదే ఉన్నాను, ప్రతి ముక్కా విన్నాను.

"లీలమ్మా... కాలు..."

"కదప్నేదన్నయ్యా," అంది వదిన తల తిప్పకుండా.

"అదే అమ్మా. ఒక్కసారి కదుపు."

"ఏటీ?"

"నువ్వు కాలూపితేగానీ అయ్యగారు ఆపీలాగ నేరు. కళ్ళు తిరగతన్నాయి తల్లీ. పడిపోతాను."

"దేవుని సన్నిధిలో కాలూపడం అహంకారం కాదేటన్నయ్యా?"

శాంతికుమార్‌గారు పాటల కాయితంతో మొహం విసురుకున్నారు. "నేనలాగన్నానా?"

"పది మందిలోన అన్నావు."

"తప్పమ్మా. నాకు తెలీదు. అదొక జబ్బట కదా."

"మరి కుర్సీ?"

"నీదే. కీబోర్డూ నీదే, స్టాండూ నీదే. నువ్వున్నంతకాలం ఎవుడూ అడగడు. బేగి ఊపు తల్లీ!"

వదిన తొందరపడలేదు. కాసేపు అలాగే కూర్చుంది. ఆ కాసేపు శాంతికుమార్‌గారికి ఎంత పొడుగో నేను చెప్పలేను, చెబితే మళ్ళీ కోతలంటారు. ఆవిడ తన కుడి పాదం వైపు చూసింది, చాలాకాలం మాట వినని గుంటడు ఇప్పుడు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడితే చూసినట్టు. తర్వాత మడమ ఎత్తింది. వేలితో నేల మీద ఒకసారి కొట్టింది. ఆగింది. ఇంకోసారి కొట్టింది. చాలనుకుని కాలు తిరిగి పక్కన పెట్టుకుంది.

అయ్యగారు చూశారు. మధ్యలో ఉన్న వాక్యాన్ని మధ్యలోనే వదిలేశారు.

"ప్రార్థన సేసుకుందాం," అన్నారు. మా సంఘం చరిత్రలో అంత గట్టి ఆమెన్ నేను వినలేదు. నరసన్నపేటలో లారీలు బ్రేకులేశాయట.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని అందరం అంబలి తాగాం. మా అన్నయ్య కుట్టు మిషను పక్కన పానా పట్టుకుని మోటారు విప్పుతున్నాడు. సాయంత్రాలు కాసేపు తొక్కుకుంటానని వదిన చెప్పింది కాబట్టి, మళ్ళీ ప్రేమతోనే విప్పుతున్నాడు. వదిన అంబలి చెంబు కింద పెట్టి కాళ్ళు ముందుకి చాపుకుంది.

"మరిదీ, సిన్నప్పట్నించీ అవే కదిలీవి. విశాఖపట్నంలో మిషను కదిపినాది. ఇయ్యాల ఎవులు కదిపినారో తెలుసా?"

"శాంతికుమార్‌గారి షుగరు," అన్నాను.

"నీ మొహం. నేను," అంది వదిన. అని, నిజమో కాదో చూసుకోడానికన్నట్టు, కుడి కాలి బొటనవేలు ఒకసారి ఆడించి ఆపింది.